ఆరు బస్సులు, ఒక్క సంచి: తుని నుంచి అరకు మీదుగా విశాఖ

ముందే చెప్పేస్తాను, ఇది అరకు రివ్యూ కాదు. బొర్రా గుహలు, పద్మాపురం గార్డెన్స్, ట్రైబల్ మ్యూజియం గురించి కావాలంటే ఇప్పటికే బోలెడు మంది రాసి పెట్టారు. నేను రాస్తున్నది బస్సు గురించి. ముందు అద్దం మీద ‘పల్లెవెలుగు’ అని రాసుండే బస్సు. చెయ్యెత్తితే ఆగేది, చెట్టు కింద ఎవరైనా నిలబడితే చెయ్యెత్తకపోయినా ఆగేది. నవంబరు చివర్లో అలాంటి బస్సుల్లో ఒక్కదాన్నే తూర్పు కనుమల్లో తిరిగొచ్చాను.

నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, కిటికీలోంచి అదే పైపుల గోడౌను. మా ఆయనకి ఘాట్ రోడ్డు అనే మాట వింటేనే కడుపులో తిప్పుతుంది. పాప బెంగళూరులో ఉంటుంది, దానికి లీవు దొరికితే నాకు దొరకదు. ఇక ఎవరి కోసం చూసినా నా మోకాళ్ళు ఆగవని అర్థమైంది. నాలుగు రోజులు సెలవు అడిగితే షాపులో అందరికీ అదే అనుమానం. “అక్కా, ఒక్కదానివే పోతవా? గా అడవిల బస్సులుంటయా?” అన్నాడు బిల్లింగ్ కుర్రాడు. ఉంటాయి. వాడి కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

రైలు ఎందుకు ఎక్కలేదని అందరూ అడిగారు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే లైను అందంగానే ఉంటుంది, అద్దాల పెట్టె కూడా ఉంది. కానీ ఆ రైలు లంబసింగి వెళ్ళదు, చింతపల్లి వెళ్ళదు, పాడేరు వెళ్ళదు. పైగా దారంతా సొరంగాలు. లోయ కనపడిందని ఫోన్ తీసేలోపు చీకటి. కారు మాట్లాడుకుంటే నా మొత్తం బడ్జెట్ మొదటి రోజే ఐపోతుంది. నేను పెట్టుకున్నది 5,000 రూపాయలు, ఇంటి గడప దాటి మళ్ళీ గడప తొక్కేదాకా.

అందులో 1,150 హైదరాబాదులోనే పోయాయి, ఒక ప్రైవేటు స్లీపర్ బస్సుకి. పేరు రాయను. లక్డీకాపూల్‌లో రాత్రి 8:30కి ఎక్కాలన్నారు. 8:30కి ఫోన్ చేస్తే “ఫైవ్ మినిట్స్ మేడమ్.” 9:15కి చేస్తే అమీర్‌పేటలో ఉన్నాం అన్నారు. పదిన్నర దాటాక వచ్చింది. ఈలోపు పాన్‌డబ్బా ముందు సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడి, దోమల్ని లెక్కపెట్టాను. ఎక్కాక నా బెర్తు మీద ఇంకొకరున్నారు, ఇద్దరికీ అదే నంబరు మెసేజి. సర్దుబాటు చేసి వెనక పైబెర్తు ఇచ్చారు. అక్కడ ఏసీ రంధ్రం మూతపడదు, దాంట్లో పాత న్యూస్‌పేపరు కుక్కి ఉంది. ఆ పేపరుని చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది, నాకంటే ముందు ఇంకో ఆడమనిషెవరో ఇక్కడ ఇదే పోరాటం చేసి గెలిచిందన్నమాట. తెల్లారి తునిలో స్టాండు దగ్గర దించుతామని చెప్పి బైపాస్ మీద దించేసి వెళ్ళిపోయారు. అక్కడి నుంచి ఆటోకి 40.

ఈ గొడవంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత ఎక్కిన ఆరు బస్సుల టికెట్లన్నీ కలిపినా ఆ ఒక్క బెర్తులో సగం కాలేదు. నన్ను మనిషిలా చూసింది మాత్రం వీళ్ళే.

తుని నుంచి నర్సీపట్నం బస్సులో చెప్పుకోదగ్గదేమీ లేదు. చల్లగాలి, నిద్ర, జీడిమామిడి తోటలు. నర్సీపట్నం స్టాండులో దిగగానే చేయాల్సినవి రెండు. ఒకటి, బాత్రూముకి వెళ్ళిరావడం, తర్వాత కొండెక్కేదాకా ఆ అవకాశం ఉండదు. రెండు, బోర్డు కోసం కాకుండా కండక్టర్ కోసం చూడటం. చింతపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో టీకొట్టు దగ్గర నిలబడ్డ కండక్టర్‌ని అడిగితే చాలు, ఒకరు కాకపోతే ఇంకొకరు చెయ్యి చూపిస్తారు. “అదిగో, ఆ బండే. బేగి ఎక్కండమ్మా, సంత జనం ఎక్కేస్తే సీటుండదు.”

ఎక్కాను. కిటికీ సీటు, ముందు చక్రానికి వెనక. ఇది అనుభవంతో చెప్తున్న మాట: వెనక చక్రం మీద సీటు మాత్రం తీసుకోకండి, ప్రతి గుంతా నడుములోకి వస్తుంది. ఎడమా కుడా అని కొట్టుకోవడం కూడా దండగ. హెయిర్‌పిన్ తిరిగిన ప్రతిసారీ లోయ అవతలి వైపుకి మారిపోతుంది. మీ వంతు మీకొస్తుంది.

కండక్టర్‌కి నా ఆధార్ ఇచ్చాను, అలవాటులో పొరపాటు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మాకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ కదా, చెయ్యి దానంతట అదే పర్సులో ఆధార్ దగ్గరికి వెళ్ళింది. ఆంధ్రాలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ పెట్టారు. ఆయన కార్డు తిప్పి అడ్రసు చదివాడు.

“మల్కాజిగిరి… హైదరాబాదా అమ్మా?”

“అవును బాబూ.”

“అయితే ఇక్కడ టికెట్ తియ్యాల్సిందే. అక్కడ మీకు ఫ్రీ, ఇక్కడ మా వాళ్ళకి ఫ్రీ.”

బస్సులో యాభై మంది ఆడవాళ్ళుంటే డబ్బులిచ్చి టికెట్ కొన్నది నేనొక్కదాన్నే. నా పక్కనున్న ముసలమ్మ నా వైపు జాలిగా చూసి, ఒళ్ళోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది. మిగతా బస్సుల్లోనూ ఇదే తంతు. నాలుగోసారికి నేనే ముందు చెప్పేశాను, “మాది తెలంగాణ, డబ్బులు తీసుకోండి” అని.

డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. అప్పటిదాకా బస్సంతా సంతలా ఉంది, పైన అరలో ఉల్లిపాయల మూట, కాళ్ళ దగ్గర గంపలో కోడిపెట్ట. మొదటి మలుపుకి అందరూ కొంచెం సర్దుకుని మాటలు తగ్గించారు. నాకు డ్రైవరు చేతులు బాగా కనపడుతున్నాయి. మలుపుకి ముందు పొడుగ్గా హారన్ కొట్టాడు. కొట్టి, ఒక్క క్షణం పైనుంచి జవాబు వస్తుందేమో అన్నట్టు ఆగాడు. రాలేదు. గేరు దించి స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాడు. చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ, బావిలోంచి చేద తోడినట్టు. బస్సు ముక్కు రోడ్డు వదిలేసి గాలిలోకి వెళ్ళింది, ముందు అద్దం నిండా ఆకాశమే. నేను సీటు కడ్డీ పట్టుకున్నాను. అప్పుడు మెల్లగా ఆకాశం పక్కకి జరిగి, చెట్లు వచ్చి, రోడ్డు వచ్చింది. పక్కనున్న ముసలమ్మ నిద్రపోతోంది. గంపలో కోడి కూడా.

వాంతుల భయం ఉన్నవాళ్ళు అవోమిన్ మాత్ర గంటా రెండు గంటల ముందే వేసుకోండి. ఘాట్‌లో బస్సు తిరుగుతున్నప్పుడు వేసుకుంటే మాత్ర కూడా బయటికొస్తుంది. ముందు రోజు రాత్రి నిద్ర లేకపోయినా నాకేమీ కాలేదు, జామకాయ పుణ్యం అనుకుంటాను.

లంబసింగిలో దిగేసరికి పదకొండు దాటింది. నిజం చెప్పాలంటే ఆ టైముకి మంచు లేదు, పొగమంచు కూడా లేదు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఒక మామూలు కొండ ఊరు, మంచి ఎండ, చల్లటి గాలి. మంచు కావాలంటే తెల్లవారక ముందే ఉండాలి. రాత్రి అక్కడే పడుకోవాలి, లేదా కార్లో రావాలి. ఊరి పాత పేరు కొర్రబయలు. బయట నిలబడితే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరట. నేను బిగుసుకుపోలేదు, స్వెట్టర్ తీసి సంచిలో పెట్టుకున్నాను. కానీ ఒక సంగతి చెప్తాను. పొద్దున వచ్చిన కార్లన్నీ వెళ్ళిపోయాక ఊరు ఊరులా ఉంటుంది. రోడ్డు పక్కన కాల్చి వదిలేసిన చలిమంటల బూడిద, దాంట్లో పడుకున్న కుక్క, పెరట్లో టార్పాలిన్ మీద ఆరబోసిన కాఫీ పళ్ళు. స్ట్రాబెర్రీ తోటకి నడిచి వెళ్ళొచ్చాను. తాజంగి రిజర్వాయరు దాకా వెళ్ళాలనుకున్నాను గానీ ఆటోవాడు చెప్పిన రేటు విని మానుకున్నాను.

కాఫీ గురించి ఒక ఫిర్యాదు, ఎవరి మీదా కాదు. ఎటు చూసినా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. 2019లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సొంత పంట అనే గుర్తింపు, వచ్చిన అరబికా. కొట్టుకెళ్ళి “ఒక కాఫీ” అంటే రూపాయో రెండో పెట్టి కొనే పొడి ప్యాకెట్ చింపి పాలల్లో పోశాడు. “ఇక్కడి కాఫీ లేదా?” అంటే, “అది మేం తాగం మేడమ్, అమ్ముతాం. మాకు టీయే” అన్నాడు. ఆ తర్వాత దారంతా నేనూ టీయే తాగాను.

చింతపల్లి బస్సు మధ్యాహ్నం దొరికింది. నా ప్లాను ప్రకారం ఆ రాత్రి అక్కడే ఉండాలి. చింతపల్లి అంటే నాకు చిన్నప్పటి పాఠం గుర్తు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట దాడి చేసిన పోలీసు స్టేషను ఇక్కడిదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, ఈ కొండల్లో, ఘాట్ రోడ్డు బస్సు లేకుండా. నేను బస్సుండి కూడా పొద్దున్నించి సాయంత్రానికి తుని నుంచి చింతపల్లికే వచ్చాను.

ఇక్కడే అసలు ఇబ్బంది వచ్చింది. ఫోన్లో రూమ్ ఉందన్న లాడ్జి, మనిషిని చూశాక లేదంది. కౌంటర్ దగ్గర కుర్రాడు నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని రెండుసార్లు తలుపు వైపు చూశాడు.

“మీతో ఎవరూ రాలేదా?”

“రాలేదు.”

“సింగిల్ లేడీకి ఇవ్వం మేడమ్. ఓనర్ ఒప్పుకోరు.”

ఆధార్ చూపించాను, పాన్ చూపించాను, షాపు ఐడీ కార్డు కూడా చూపించాను. నా తలలో సగం తెల్ల వెంట్రుకలున్నాయి. ఈ వయసులో నేను ఏం చేస్తానని వాళ్ళ భయం? రెండో చోట కూడా ఇదే మాట, కొంచెం మర్యాదగా. ఐదు దాటింది, కొండల్లో చీకటి త్వరగా పడుతుంది. ఏడుపైతే రాలేదు గానీ, గొంతు దగ్గరికి వచ్చి ఆగింది. ఒంటరిగా వెళ్ళాలనుకునే ఆడవాళ్ళకి ఇదొక్కటీ గట్టిగా చెప్తున్నా: రూమ్ ఫోన్లో అడిగేటప్పుడే “నేనొక్కదాన్నే వస్తున్నా, ఆడమనిషిని” అని చెప్పి, సరేనన్నాకే బయల్దేరండి. చెప్పుకోవడానికి చిరాకే. సంచి భుజాన వేసుకుని వీధిలో నిలబడటం అంతకంటే పెద్ద చిరాకు.

బస్టాండుకి తిరిగొచ్చేసరికి పాడేరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టర్‌ యాభై దాటిన మనిషి, మెడకి మఫ్లరు. ఎక్కడికమ్మా అన్నాడు. పాడేరు అన్నాను. అక్కడ ఎవరున్నారు అన్నాడు. ఎవరూ లేరు, లాడ్జి చూసుకోవాలి అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు, వెనకాల ఖాళీ సీట్లున్నా ఇంజన్ బానెట్ పక్క సీటు చూపించి, “ఇక్కడ కూకోండి, ఎచ్చగుంటాది” అన్నాడు. నిజంగానే వెచ్చగా ఉంది. కాళ్ళు బానెట్‌కి ఆనించి కూర్చున్నాను. నా కాళ్ళ పక్కనే ఎవరిదో టిఫిన్ క్యారియరు, వేడి కోసమే పెట్టారు.

ఆ ప్రయాణంలో కొండలేవీ కనపడలేదు. హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు ముక్క, చెట్ల మొదళ్ళు, ఒకచోట కళ్ళు మెరిసి మాయమైన ఏదో జంతువు. లోతుగెడ్డ, జి.మాడుగుల. దీపం లేని చోట బస్సు ఆగితే ఒక మనిషి దిగి చీకట్లోకి నడిచి వెళ్ళిపోయేవాడు, ఆ చీకట్లో ఊరుందని మనం నమ్మాలి. ఒక తల్లి పిల్లాడిని ఎత్తుకుని దిగుతుంటే, ఫోన్ లైటు వేసుకుని ఎవరైనా వచ్చేదాకా డ్రైవరు బస్సు కదపలేదు. కండక్టర్ తొందరపెట్టలేదు. దూరంగా చుక్కంత లైటు ఊగుతూ దగ్గరికొచ్చాక, “రైట్… రైట్” అన్నాడు.

జి.మాడుగుల దగ్గర సిగ్నల్ రాగానే ఆయన ఎవరికో ఫోన్ చేసి మాట్లాడాడు. సగం తెలుగు, సగం నాకు తెలియని భాష, ఆదివాసీ ఒడియా అట. పెట్టేసి, “లాడ్జి సెప్పేను. ఆళ్ళ ఆడోళ్ళే సూసుకుంతారు. భయం నేదు” అన్నాడు. పాడేరులో దిగేసరికి ఒకావిడ శాలువా కప్పుకుని స్టాండు గేటు దగ్గర నిలబడి ఉంది. రూమ్ 700. గీజర్ లేదు, పొద్దున బకెట్ వేడినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ దుప్పటి బరువు ఇప్పటికీ గుర్తుంది.

ఒక బస్సు సర్వీసుకి రివ్యూలో ఇంతకంటే ఏం రాయాలో నాకు తెలియదు. సీటు మెత్తగా ఉండదు. వెనక్కి వాలదు. పొడుగు మనుషులకి మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి, నాకు ఐదడుగులే కాబట్టి బతికిపోయాను. ఛార్జింగ్ ఉండదు, సీటు రిజర్వేషన్ ఉండదు, నీళ్ళ బాటిల్ ఇవ్వరు. చలికాలం రాత్రి షట్టరు సందుల్లోంచి గాలి సూదిలా వస్తుంది, చెవులకి మఫ్లరు తప్పనిసరి. అవన్నీ నిజమే.

మర్నాడు శుక్రవారం నేను వంజంగి వెళ్ళలేదు. ఈ మాట షాపులో చెప్తే ఇప్పటికీ తిడుతున్నారు, “పాడేరు దాకా పోయి మబ్బులు చూడలేదా?” అని. మేఘాల కొండ ఎక్కాలంటే తెల్లవారుజామున లేవాలి, జీపు పంచుకోవడానికి మనుషులు కావాలి, చివర్లో నడవాలి. నేను తొమ్మిదిదాకా పడుకున్నాను. తర్వాత మోదకొండమ్మ గుడికి వెళ్ళి, బజారులో తిరిగాను. అడ్డాకులో పెట్టిచ్చిన ఇడ్లీ తిన్నాను, ఆకు వాసన ఇడ్లీకి పట్టి ఉంటుంది. పసుపు కొమ్ములు, పిప్పళ్ళు, రాజ్మా గింజలు గోనె సంచుల్లో. 2022 ఏప్రిల్ నుంచి ఇది జిల్లా కేంద్రం, అల్లూరి పేరుతోనే. కలెక్టరాఫీసు బోర్డులూ, ఫైళ్ళు పట్టుకుని నడిచే మనుషులూ, పక్కనే నెత్తిన కట్టెల మోపు. సాయంత్రం బస్టాండులో ఊరికే బెంచీ మీద కూర్చున్నాను. మన హైదరాబాదు ఎంజీబీఎస్ బస్టాండులో అలా కూర్చుంటే పర్సు మీదే ధ్యాస ఉంటుంది. ఇక్కడ ముగ్గురు వచ్చి “ఏ ఊరు ఎల్లాలమ్మా? బస్సు ఎల్లిపోనాదా?” అని అడిగారు. ఏ ఊరూ వెళ్ళక్కర్లేదు అంటే వాళ్ళకి నచ్చలేదు.

శనివారం పాడేరు నుంచి అరకు. హుకుంపేట మీదుగా, చాపరాయి దగ్గర నుంచి వెళ్తుంది. ఇది పెద్ద ఘాట్ కాదు, కొండల మధ్య పళ్ళెంలాంటి నేల మీద సాగే దారి. రాజమండ్రి నుంచి విజయనగరం దాకా వేస్తున్న కొత్త హైవే 516ఈ ఇటుగానే వెళ్తుంది, పని సాగే చోట ఎర్రదుమ్ము లేచి షట్టర్లన్నీ దించేశారు. దుమ్ము దాటాక షట్టరు ఎత్తితే పసుపు. వలిసె పూలు. నేను ఫోటోల్లో చూసి రంగు పెంచారనుకునేదాన్ని. పెంచలేదు. కొండ మొదలు దాకా పరిచినట్టు ఉంది, మధ్యలో ఒక ఎడ్లబండి, దానిమీద గడ్డివాము.

ఈ బస్సులో నా పక్కన కూర్చున్నావిడ అల్లం బస్తాతో ఎక్కింది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, మెడలో వెండి కడియంలాంటి గొలుసు. బస్తా నా కాళ్ళ మీదికి ఒరిగింది, తడిమట్టి వాసన. “తోసేయ్ తల్లీ” అంది. తోయలేదు, కాళ్ళకి వెచ్చగా ఉంది. ఎంతకి అమ్ముతావు అని అడిగితే రేటు చెప్పింది. మల్కాజిగిరి రైతుబజారు రేటు చెప్పాను నేను. ఆవిడ చాలాసేపు కిటికీ బయటికి చూసింది. తర్వాత ఒక కిలో దాకా తీసి నా సంచిలో పెట్టి, ఆవిడ చెప్పిన రేటే తీసుకుంది. నేను ఎక్కువ ఇవ్వబోతే చిల్లర లెక్కపెట్టి తిరిగిచ్చింది. లెక్కలు రాసే దాన్ని, నేనే తప్పు లెక్కేశాను.

అరకు శనివారం నాడు అరకులా ఉండదు, అమీర్‌పేటలా ఉంటుంది. కార్లు, హారన్లు, బొంగులో చికెన్ పొగ. రూమ్‌కి 1,000 అయింది, మామూలు రోజుల్లో సగమే అని పక్క గదివాళ్ళే చెప్పారు. మీరు వెళ్తే మంగళ, బుధవారాల్లో వెళ్ళండి. గిరిజన కోఆపరేటివ్ వాళ్ళ కొట్టులో కాఫీ పొడి రెండు ప్యాకెట్లు కొన్నాను, అక్కడే ఒక కప్పు తాగాను. మూడు రోజుల తర్వాత కాఫీ దేశంలో మొదటి కాఫీ. బాగుంది.

ఆదివారం పొద్దున విశాఖ బస్సు. ఆరింట్లోకి ఇదే నాకు బాగా నచ్చింది, ఐదుకి ఐదు. సుంకరమెట్ట కాఫీ తోటల దగ్గర ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా బస్సులోకి పడుతుంది, అందరి మొహాల మీదా. గాలికొండ దగ్గర కార్లన్నీ ఆగి ఫోటోలు దిగుతుంటే మా బస్సు ఆగలేదు, కానీ వాళ్ళ కార్లు రోడ్డుకి అడ్డంగా ఉండటం వల్ల పది నిమిషాలు నిలబడింది. టికెట్ డబ్బులకే వ్యూపాయింట్. అనంతగిరి దాటాక దిగుడు. డముకు దగ్గర ఒక మలుపులో కింద ఎక్కడో, అగ్గిపుల్లంత రైలు కొండలోంచి బయటికి వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజంతో విశాఖ రేవుకి వెళ్ళే గూడ్సు. ఇంజను ఒక సొరంగంలోకి దూరిపోయింది, తోక ఇంకా వెనక సొరంగంలోంచి రాలేదు. మధ్యలో ముక్క మాత్రం వంతెన మీద, ఎండలో. రైల్లో కూర్చుంటే ఇది కనపడదు కదా అనుకున్నాను. నా ముందు సీట్లో స్కూలు పిల్లాడు పెట్టెలు లెక్కపెడుతున్నాడు, నలభై దగ్గర మలుపు వచ్చి రైలు పోయింది.

బొడ్డవరలో చెవులు టప్‌మని తెరుచుకున్నాయి. ఎస్.కోటకి ఉక్కపోత. మధ్యాహ్నానికి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్, సాయంత్రం హైదరాబాదుకి గోదావరి ఎక్స్‌ప్రెస్ రైలు.

లెక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. స్లీపర్ బస్సు 1,150, తుని ఆటో 40, ఆరు బస్సులకి కలిపి 560, పాడేరులో రెండు రాత్రులు 1,400, అరకులో ఒక రాత్రి 1,000, తిండీ టీలూ 780, రైలు స్లీపర్ 430. మొత్తం 5,360. బడ్జెట్ కంటే 360 ఎక్కువ, ఆ తప్పు శనివారం అరకుది. మళ్ళీ వెళ్తే ఇటూ అటూ రైల్లోనే వెళ్తాను, గోదావరి తునిలో ఆగుతుంది. అప్పుడు ఆరొందలకి పైగా మిగిలి మొత్తం 4,700 లోపే తేలుతుంది. పది, ఇరవై నోట్లు ఒక యాభై దాకా పట్టుకెళ్ళండి, ఘాట్‌లో సిగ్నల్ పోతే ఫోన్‌తో కట్టడం కుదరదు. చక్రాల సూట్‌కేసు వద్దు, అది బస్సు నడవలో అందరి కాళ్ళకీ తగులుతుంది. భుజాన వేసుకునే సంచి ఒక్కటి చాలు.

ఒక్కటే వెలితి. పాడేరు నుంచి చోడవరం వైపు దిగే ఇంకో ఘాట్ ఉంది, మోదమాంబ పాదాలు, వంట్లమామిడి, గరికబంద మీదుగా. అటు దిగితే మాడుగుల హల్వా దొరికేది, రాత్రి దాటొచ్చిన జి.మాడుగుల కాదు, ఇది వేరే ఊరు. గోధుమపాలతో చేస్తారు, మా ఆయన పెళ్ళికి ముందు నుంచీ దాని గురించే చెప్తున్నారు. తేలేదని తెలిసి సంచి మొత్తం వెతికి, అల్లం బయటికి తీసి, “ఇదేంటి?” అన్నారు. వారం రోజులుగా అల్లం టీ పెట్టిస్తున్నాను. ఇంకా సగం ఉంది.